పన్నెండు బస్తాలు, మూడు డిగ్రీలు

ఉద్యోగ జీవితంలో మరిచిపోలేని సంఘటన ఒకటి రాయమని మన తెలుగు సంఘం పత్రికవాళ్లు పిల్లల కోసం అడిగినప్పుడు, వాళ్ల మనసులో ఉన్నది నా మొదటి ఉద్యోగమే అయుంటుంది. ఇక్కడ ఇంగ్లండులో, బేసింగ్‌స్టోక్‌లో ఒక ఇన్సూరెన్స్ ఆఫీసులో పద్నాలుగేళ్లు కంప్యూటర్ ముందు కూర్చున్నాను. ఆ పద్నాలుగేళ్లలో చెప్పుకోదగ్గ సంఘటన ఒక్కటే జరిగింది. ఒకరోజు లిఫ్టు మధ్యలో ఆగిపోయింది. అందులో నేను లేను. కనుక పిల్లలూ, మీకు నా రెండో ఉద్యోగం సంగతి చెబుతాను.

నాకు నలభై రెండో ఏడు నడుస్తుండగా ఆఫీసువాళ్లు మా డిపార్టుమెంటునంతా ఒక మెయిల్‌తో ఊడ్చేశారు. ఏం చేయాలో తోచక, ఊరి చివర ఇండస్ట్రియల్ ఎస్టేట్‌లో నా కారు సైలెన్సర్‌కు వెల్డింగ్ చేయించుకుందామని ఒక షెడ్డుకు వెళ్లాను. వెళ్లినవాణ్ణి పదమూడేళ్లు తిరిగి రాలేదు. అంటే భోజనానికి ఇంటికి వచ్చేవాణ్ణనుకోండి.

ఆ షెడ్డులో చేసే పని హాట్ రాడ్లు. ముప్పైల నాటి అమెరికా కార్లు తెచ్చి, మడ్‌గార్డులు ఊడబీకి, ముందుభాగం నేలకు దించి, ఇంత పెద్ద ఇంజను పెట్టి, పెళ్లికొడుకులా రంగు వేస్తారు. చూడ్డానికి మిడత మన మీదకు దూకబోతున్నట్టు ఉంటాయి. ఈ దేశంలో రిటైరైన పెద్దమనుషులకు ఇదొక పిచ్చి. తోటపని అయిపోయాక మిగిలిన ప్రాణమంతా దీనిమీద పెడతారు.

షెడ్డు యజమానిని పెద్దాయన అనే అంటాను. నేను చేరేనాటికి ఆయనకు అరవై ఐదు. ఆయన కనుబొమలు ఎంత గుబురుగా ఉండేవంటే, వాన వస్తే మొహానికి గొడుగు అక్కర్లేదు. రోజుకు పది మాటలకు మించి మాట్లాడేవాడు కాదు. అందులో నాలుగు టీ కెటిల్‌తో. నా నోటికి మాత్రం సెలవుండేది కాదు. మా ఇద్దరి మాటలూ కలిపి సగం చేస్తే ఇద్దరు మామూలు మనుషులు తేలేవారు.

ఇక అసలు పని. మీరంతా సైకిల్ తొక్కినవాళ్లే. ఒకసారి సైకిల్‌ను పక్కనుంచి చూడండి. ముందు ఫోర్కు నిట్టనిలువుగా ఉండదు. దాని పైభాగం తొక్కేవాడి వైపు వాలి ఉంటుంది. ఆ వాలు ఉండబట్టే తెనాలిలో నేను హ్యాండిల్ వదిలేసి, చేతులు కట్టుకుని, గర్ల్స్ హైస్కూలు ముందునుంచి చక్రవర్తిలా పోగలిగాను. కార్లలోనూ అంతే. ముందు చక్రాల ఇరుసు పైభాగం వెనక్కి కొంచెం వాలి ఉండాలి. దాని పేరు క్యాస్టర్. అది సరిపడా ఉంటే బండి తనంతట తాను తిన్నగా పోతుంది. తక్కువైతే బండి దారి వెతుక్కుంటుంది. అదీ కాక, వేగం మీద ఒక గతుకు తగిలితే ముందు చక్రాలు రెండూ పూనకం వచ్చినట్టు ఊగుతాయి. అప్పుడు స్టీరింగు పట్టుకోవడం అంటే కోపం వచ్చిన దున్నపోతు కొమ్ములు పట్టుకోవడమే.

మా బండ్లలో ముందు యాక్సిల్ ఒకే ఇనుప దూలం. దాన్నుంచి వెనక్కి, బండి చట్రం దాకా, రెండువైపులా కడ్డీలుంటాయి. ఆ కడ్డీల చివరి మరలు తిప్పితే యాక్సిల్ ముందుకో వెనక్కో వాలుతుంది. పెద్దాయన లెక్క ఏడు డిగ్రీలు. ఆరున్నర కాదు, ఏడుంపావు కాదు.

ఒక్క సంగతి మాత్రం జాగ్రత్తగా గుర్తుపెట్టుకోండి. బండి వెనకభాగం బరువుకు దిగితే, చట్రం వాలి, దాంతోపాటు ముందు యాక్సిల్ కూడా వెనక్కి వాలుతుంది. అంటే డిగ్రీలు పెరుగుతాయి. అందుకే రోడ్డు మీద ఎంత బరువుతో తిరుగుతుందో అంత బరువు పెట్టే కొలవాలి. పెద్దాయన ట్యాంకు సగం నింపి, డ్రైవరు సీట్లో ఇసుక మూటలు పెట్టించేవాడు. యజమాని లావైతే నాలుగు, సన్నమైతే మూడు. మూటలు మోయడం, మరలు తిప్పడం నా వంతు. వాలు కొలిచే ముల్లున్న పాత గేజు యాక్సిల్‌కు ఆనించి చదవడం ఆయన వంతు. చదివాక మూడు అడుగులు వెనక్కి వేసి, బండికెదురుగా గొంతుక్కూర్చుని, ఒక కన్ను మూసి చూసేవాడు. చూసి "ఊ" అనేవాడు. ఆ తర్వాత బిగింపు మర మీద తెల్లరంగుతో ఒక గీత గీసేవాడు. మర కదిలితే గీత తప్పుతుంది. నలభై ఏళ్లుగా ఆయన ఊ అన్న బండి ఏదీ ఊగి వెనక్కి రాలేదు.

నేను వచ్చిన ఆరేళ్లకు ఒకటి వచ్చింది.

అది వంకాయ రంగు పికప్. వెనక చెక్కపలకల తొట్టి, దానిమీద ఎప్పుడూ ఒక టార్పాలిన్. యజమానురాలు రిటైరైన స్కూలు హెడ్‌మిస్ట్రెస్. బండితో కూడా క్లాసులో పిల్లవాడితో మాట్లాడినట్టే మాట్లాడేది. వెనక స్ప్రింగులు ముందురోజే కొత్తవి వేశాం. గురువారం క్యాస్టర్ పెట్టాలి.

అదే గురువారం బియ్యం వచ్చాయి.

మన వాట్సాప్ గ్రూపులో పన్నెండు ఇళ్లవాళ్లం కలిసి లీసెస్టర్ హోల్‌సేలు షాపునుంచి కొత్త సోనామసూరి తెప్పించుకునేవాళ్లం. ఇంటికొక ఇరవై కిలోల బస్తా. నాకు నోరెక్కువ కనుక ఆ ఏడు బాధ్యత నా నెత్తిన పడింది. మా వీధిలోకి లారీ తిరగదని, షెడ్డు అడ్రసు ఇచ్చాను. లారీ వచ్చేసరికి వాన. అది మామూలు వాన కాదు, హాంప్‌షైర్ జిల్లా మొత్తాన్ని ఉతికి ఆరేద్దామన్న వాన. షెడ్డు కప్పు ఏడు చోట్ల కారుతోంది. నేలంతా తడి. పెద్దాయన లేడు. కొత్త కళ్లజోడు కోసం ఆప్టీషియన్ దగ్గరకు వెళ్లాడు. నా కంటికి ఆ షెడ్డు మొత్తంలో పొడిగా కనిపించిన చోటు ఒక్కటే, పికప్ తొట్టి. పన్నెండు బస్తాలూ అందులో పేర్చి, టార్పాలిన్ కప్పి, అంచులు చక్కగా బిగించాను. ఆ తర్వాత పన్నెండు ఇళ్లనుంచి పన్నెండు ఫోన్లు వచ్చాయి. "బియ్యం వచ్చాయా?" అని అందరూ అడిగారు, "వచ్చాయి" అని అందరికీ చెప్పాను. పన్నెండోసారి చెప్పేసరికి బియ్యం వచ్చాయన్న సంగతే నా బుర్రలో మిగిలింది, ఎక్కడ పెట్టానన్నది పోయింది.

పెద్దాయన కొత్త కళ్లజోడుతో వచ్చాడు. సీట్లో మూడు ఇసుక మూటలు పెట్టాను. ఆయన బండి ముందు కూర్చుని గేజు ఆనించాడు.

"ఇంకొంచెం."

మర తిప్పాను.

"ఇంకొంచెం. చాలు. ఏడు."

మూడు అడుగులు వెనక్కి వెళ్లి, గొంతుక్కూర్చుని, ఒక కన్ను మూశాడు.

"వెనక కాస్త కూర్చున్నట్టుందే?"

"కొత్త స్ప్రింగులు కదండీ," అన్నాను.

ఎంత తెలివైన జవాబో చూడండి. బుర్ర పనిచేయనప్పుడు నోరు ఎంత చురుగ్గా ఉంటుందో నాకు అప్పుడు తెలియదు.

"ఊ," అని ఆయన తెల్లగీత గీశాడు.

సాయంత్రం టెస్ట్ డ్రైవ్‌కు తీయబోతూ టార్పాలిన్ చూశాక బియ్యం గుర్తొచ్చాయి. ఎలాగూ తిప్పాలి కదా, బస్తాలు పంచినట్టూ ఉంటుందని పెద్దాయనతో చెప్పకుండా బయల్దేరాను. ఊరి బయట పెద్దరోడ్డు మీద అరవై మైళ్ల వేగంలో పోతుంటే బండి గీత గీసినట్టు పోయింది. స్టీరింగు వదిలి చేతులు కట్టుకున్నాను. గర్ల్స్ హైస్కూలు ఒక్కటే లోటు. ఆ తర్వాత ఊళ్లోకి దిగి, ఇల్లిల్లూ తిరిగాను. ఒక్కో బస్తా దించేకొద్దీ స్టీరింగు తేలికవుతూ వచ్చింది. రౌండెబౌట్‌లు చిటికెన వేలితో తిరిగాయి. మా ఊళ్లో రౌండెబౌట్‌లు ఎన్నంటే, ఇక్కడ పుట్టిన పిల్లలు ముందు గుండ్రంగా తిరగడం నేర్చుకుని తర్వాత నడుస్తారు. ఆఖరి బస్తా దించాక స్టీరింగు వెన్నలా ఉంది. నేను పెట్టిన గ్రీజు మహిమ అనుకుని నా భుజం నేనే తట్టుకున్నాను. క్యాస్టర్ తగ్గినప్పుడే స్టీరింగు తేలికవుతుందని నాకు తెలుసు. ఆరేళ్లుగా తెలుసు. తెలిసినది సమయానికి బుర్రలోకి రావడం వేరే సంగతి.

శనివారం హెడ్‌మిస్ట్రెస్ వచ్చి బండి తీసుకెళ్లింది. సోమవారం మధ్యాహ్నం ఆమె, బండి, ఇద్దరూ రికవరీ ట్రక్కు ఎక్కి వచ్చారు.

యాభై ఐదులో పోతుంటే వంతెన అతుకు మీద ముందు చక్రాలు ఊగాయట. ఎలాగో బ్రేకు వేసి గడ్డి మీదకు తీసిందట. దెబ్బలేమీ లేవు. బండికి గీత పడలేదు. కానీ ఆమె చేతులు ఇంకా వణుకుతున్నాయి. వణుకు కనిపించకుండా ఉండాలని హ్యాండ్‌బ్యాగు రెండు చేతులతో పట్టుకుని నిలబడింది.

"నేను ముప్పై ఏళ్లు స్కూలు నడిపాను," అంది పెద్దాయనతో. "భయపడటం నాకు అలవాటు లేదు. ఇవాళ భయపడ్డాను. ఎందుకో చెప్పండి."

 పెద్దాయన కుర్చీ తెచ్చి వేశాడు. టీ ఇచ్చాడు. తర్వాత బండి ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. తెల్లగీత పెట్టినచోటే ఉంది. కడ్డీ వంగలేదు. మర కదల్లేదు. ఇసుక మూటలు తెమ్మన్నాడు. నేను తెచ్చి సీట్లో పెట్టాను. ఆయన గేజు ఆనించాడు.

ముల్లు నాలుగు దగ్గర ఆగింది.

కళ్లజోడు తీసి, తుడిచి, పెట్టుకుని మళ్లీ చూశాడు. నాలుగే.

ఆమెను టాక్సీలో పంపించేశాక ఆయన గేజును గుడ్డతో తుడిచాడు.

"మర కదల్లేదు," అన్నాడు. "అంటే గురువారం కూడా నాలుగే ఉంది. నేను ఏడని చదివాను."

"గేజు తప్పేమో..."

"గేజు తప్పయితే కన్ను చెప్పాలి. ఎదురుగా కూర్చుని చూశాను కదా. సరిగ్గా ఉందన్నాను. రెండూ తప్పాయి." కళ్లజోడు మడిచి జేబులో పెట్టుకున్నాడు. "నా కళ్లు పోతున్నాయి, పని మానేయమని మా అమ్మాయి రెండేళ్లుగా చెబుతూనే ఉంది. ఇవాళ నా వల్ల ఆ హెడ్‌మిస్ట్రెస్ చచ్చిపోవలసింది."

పక్క షెడ్డాయన తోట కుర్చీలు అమ్మేవాడు. మా షెడ్డు కూడా తనకిచ్చేయమని ఎప్పటినుంచో అడుగుతున్నాడు. పెద్దాయన అప్పుడే ఫోను తీసి ఆయన్ను శుక్రవారం పదకొండుకు కాగితాలు తెమ్మన్నాడు. నలభై ఆరేళ్ల పని ఒక నిమిషం ఫోనుతో అయిపోయింది.

నేను ఇసుక మూటలు తీసి పక్కన పెట్టడానికి వంగాను. మొదటి మూట ఎత్తగానే నడుము కలుక్కుమంది. గురువారం ఉదయం కూడా ఇలాగే అందని, అప్పుడు ఎత్తినవి ఇంతకన్నా బరువని, పన్నెండని, నా నడుముకు గుర్తొచ్చింది. అక్కణ్నుంచి బుర్రకు కబురు చేరింది. రెండువందల నలభై కిలోల బియ్యం మీద పెద్దాయన ఏడు చదివాడు. సరిగ్గానే చదివాడు. ఆయన కన్నూ సరిగ్గానే చూసింది. నేను బియ్యం దించేశాను. ఏడు నాలుగైంది.

నోరు తెరిచాను. జీవితంలో మొట్టమొదటిసారి నా నోట్లోంచి ఏమీ రాలేదు.

ఎందుకు చెప్పలేదని మీరు అడుగుతారు. అప్పట్లో నా దగ్గర చాలా కారణాలుండేవి. ఉద్యోగం పోతుందని. ఎస్టేటంతా నవ్వుతుందని. షెడ్డు మూసేస్తే ఉద్యోగం ఎలాగూ పోతుంది కదా అన్న చిన్న సంగతి నాకు తట్టడానికి రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ పెద్దాయన గోడమీది పనిముట్లు ఒక్కొక్కటీ దించి, నూనె రాసి, అట్టపెట్టెల్లో సర్దాడు. నేను పెట్టెల మీద టేపు అంటించాను. నా టేపు కూడా తిన్నగా పడలేదు.

బుధవారం భోజనాల దగ్గర మా ఆవిడ కనిపెట్టింది. ఆమెది వరంగల్. తెనాలివాళ్లు మాటలు చుట్టూ తిప్పి చెప్పే సంగతిని సూటిగా గుచ్చడం ఆమెకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

"ఏమైంది నీకు? మూడు దినాల సంది చూస్తున్న. మూతి ముడుచుకొని కూసుంటున్నవ్."

"ఏం లేదులే."

"ఏం లేకుంటే ప్లేట్ల అన్నం గట్లనే ఎందుకున్నది?"

ఆ అన్నం ఆ సోనామసూరిదే. గింజ గింజా నన్నే చూస్తోంది. మొత్తం చెప్పేశాను. ఆమె చారు గరిటె పక్కన పెట్టింది.

"అంటే ఆ ముసలాయన తన కండ్లు పోయినయని దుకాణం బంద్ జేస్తున్నడు. నువ్వేమో ఈడ కూసొని ములక్కాడ నములుతున్నవ్."

"చెబుదామనే అనుకుంటున్నానే. సమయం చూసి..."

"సమయం ఏం సమయం? ఆయన సంతకం పెట్టినంక చెప్తవా?"

మా అమ్మాయికి అప్పుడు పదిహేడు. తెలుగు మొత్తం అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులోనే. ఫోన్లోంచి తల ఎత్తకుండానే తీర్పు చెప్పింది. "డాడ్, జస్ట్ టెల్ హిమ్. ఇట్స్ నాట్ దట్ డీప్."

పదిహేడేళ్ల పిల్లకు లోతేం తెలుసులే అనుకున్నాను. తర్వాత చూసుకుంటే, నేను మూడు రోజులుగా మునుగుతున్న నీళ్లు నిజంగానే మోకాలి దాకా ఉన్నాయి.

గురువారం పొద్దున వెళ్లగానే చెప్పేశాను. వాన, లారీ, తొట్టి, బస్తాలు, ఫోన్లు, పన్నెండు ఇళ్లు, అన్నీ వరసగా చెప్పాను. ఒక్క అక్షరం పెంచలేదు. నా జీవితంలో అంత బక్కపల్చని కథ ఇంకోటి చెప్పలేదు.

పెద్దాయన అంతా విన్నాడు. తర్వాత నవ్వాడు. ఆరేళ్లలో నేను చూసిన మొదటి నవ్వు. నా భుజం మీద చెయ్యి వేశాడు.

"మంచివాడివి," అన్నాడు.

"అదేంటండీ?"

"నా కన్ను పోలేదని చెప్పడానికి ఎంత కష్టపడ్డావు! పావు టన్ను బియ్యం! నా షెడ్డులో, నా ముక్కు కింద!"

"నిజమండీ."

"పోయిన చలికాలం షెడ్డులోకి ఒక ఎలుక వస్తే నువ్వు కుక్కంత బ్యాడ్జరన్నావు. పైపు కారితే థేమ్స్ అన్నావు. నీ సంగతి నాకు తెలియదా?" పెట్టె మూత మూశాడు. "థాంక్స్. కానీ వద్దు. నేను చూసుకోగలను. ఆ టేపు ఇలా ఇవ్వు."

చూశారా! జీవితమంతా ఎలుకను బ్యాడ్జర్ చేసుకుంటూ వచ్చినవాడికి, ఒకరోజు నిజంగానే బ్యాడ్జర్ ఎదురైతే సాక్షి దొరకడు. ప్రమాణం చేశాను. చేసేకొద్దీ ఆయన ముఖంలో నామీద జాలి పెరిగింది. ఓదార్పుకోసం అబద్ధం చెబుతున్నాననుకున్న మనిషికి, ఎంత గట్టిగా నిజం చెబితే అంత పెద్ద ఓదార్పుగా వినబడుతుంది.

ఇంటికొచ్చి మా ఆవిడతో ఓడిపోయానని చెప్పాను.

"మాటలతోని కాదు," అంది. "బస్తాలు సూపెట్టు."

"పంచేశాం కదే. వారం నుంచి అందరూ వండుకుంటున్నారు."

ఆమె అప్పటికే వాట్సాప్ గ్రూపు తెరిచింది. "రేపు పొద్దుగాల పది లోపల అందరు మీ బియ్యం బస్తాలు ఈయన పనిచేసే షెడ్డుకు తీస్కరాండ్రి. ఒక గంటల మళ్ల మీయి మీకే ఇస్తం. ఎందుకని ఇప్పుడు అడగొద్దు" అని పెట్టింది. అడగొద్దంది కాబట్టి యాభై మూడు మెసేజీలు వచ్చాయి. అయినా శుక్రవారం పొద్దున పదికల్లా షెడ్డు ముందు కార్లు బారులు తీరాయి. ఆఫీసుకు పోయేవాళ్లు దారిలో దించి వెళ్లారు. కొన్ని బస్తాలకు నైలాన్ తాళ్లు, కొన్నిటికి బట్టల క్లిప్పులు, ఒకదానికి ఆస్పత్రి బ్యాండేజీ టేపు.

ఆ టేపు బస్తా మోసుకొచ్చింది మన సంఘంలో పెద్దవాడైన రిటైర్డ్ డాక్టర్ అంకుల్. భీమవరం మనిషి. పట్టుమని యాభై కిలోలు ఉండడు.

"ఏవయ్యా, తింటన్న బియ్యం తిరిగి పట్రమ్మంటే ఎలాగయ్యా? మీ ఆంటీ నాలుగు కిలోలు వండేసింది. తక్కువున్నాయని నన్నేవీ అనకు."

"పర్లేదు అంకుల్. అందరివీ అంతే."

"మరి బరువు సరిపోతదా?"

మా ఆవిడ ఒక్క క్షణం ఆలోచించింది. "ఏం లేదంకుల్. మీరు ఎక్కి బస్తాల మీద కూసోండ్రి. తగ్గిన బరువు మీతోని సరిపోతది."

"నన్ను బియ్యం కింద లెక్కేస్తన్నారా?" అంటూనే అంకుల్ ఎక్కి, కోటు సర్దుకుని, బస్తాల మీద ఊరేగింపులో కూర్చున్నట్టు కూర్చున్నాడు.

పెద్దాయన ఈ తతంగమంతా షెడ్డు తలుపు దగ్గర నిలబడి చూస్తున్నాడు. టీ కప్పు చేతిలో అలాగే ఉంది. పన్నెండు బస్తాలు, ఒక డాక్టరు తన షెడ్డులోకి వచ్చి ఒక పికప్ తొట్టిలోకి ఎందుకు ఎక్కారో ఆయనకు మెల్లగా అర్థమవుతోంది. నేను నోరు విప్పలేదు. అట్టపెట్టె కోసి గేజు తీసి ఆయన చేతికిచ్చాను. ఇసుక మూటలు మూడూ సీట్లో పెట్టాను.

ఆయన బండి ముందు మోకాళ్ల మీద కూర్చుని, గేజు ఆనించాడు.

అంకుల్ పైనుంచి అడిగాడు. "ఎంతుంది? బీపీ ఎంతుంది?"

ఎవరూ నవ్వలేదు. పెద్దాయన వంగి చూస్తూనే ఉన్నాడు. నేను ఆయన భుజం మీదుగా చూశాను. ముల్లు ఏడు మీద నిలబడి ఉంది. దాని నీడ కూడా ఏడు మీదే ఉంది.

ఆయన లేచి, బండి వెనక్కి వెళ్లాడు. అంకుల్‌కు చెయ్యందించి దించాడు. ఒక్కో బస్తా తనే ఎత్తి కింద పెట్టడం మొదలుపెట్టాడు. సాయం వెళ్లబోతే చేత్తోనే ఆగమన్నాడు. నాలుగు దించి, ముందుకొచ్చి గేజు చూశాడు. ఆరు కన్నా తక్కువ. మళ్లీ వెళ్లి నాలుగు దించాడు. ఐదు. ఆఖరి నాలుగూ దించాడు. నాలుగు.

డెబ్బై ఒక్క ఏళ్ల మనిషి, చెమటలు కక్కుతూ, ఒక బస్తా మీద కూర్చున్నాడు. కళ్లజోడు తీశాడు. మొహం తుడుచుకున్నాడా, కళ్లు తుడుచుకున్నాడా అని నన్నడగకండి. నేను అప్పుడు గోడవైపు చూస్తున్నాను.

"ఎప్పుడు తెలిసింది నీకు?" అన్నాడు.

"సోమవారం. ఆవిడ టాక్సీ వెళ్లిన కాసేపటికి."

"సోమవారం." వేళ్ల మీద లెక్కపెట్టాడు. "నిన్న నన్ను ఓదార్చడానికి అబద్ధం చెబుతున్నావనుకున్నాను. నిజం చెప్పడానికే మూడు రోజులు తీసుకున్నావని అనుకోలేదు."

తప్పు పనిలో జరిగింది కనుక దానికి మందుంది. మర అర చుట్టు, ఒక చుట్టు తిప్పితే సరిపోతుంది. ఆ మూడు రోజులు మాత్రం నేను ఆయన దగ్గర తీసుకున్నవి. ఆయనకు తిరిగి ఇవ్వడానికి నా పెట్టెలో అంత పొడుగు స్పానరు లేదు.

మా ఆవిడ ఇంగ్లీషులో, చాలా మర్యాదగా, ఆయనకు క్షమాపణ చెప్పింది. ఆయన ఆమెతో, "మీది కాదు తప్పు. మీ బియ్యం బాగున్నాయి," అన్నాడు. నావైపు చూడలేదు.

పదకొండుకు పక్క షెడ్డాయన ఫైలు పట్టుకుని వచ్చాడు. షెడ్డులో బియ్యం బస్తాలు, వాటి మధ్య కోటు వేసుకున్న పెద్దమనిషి, చీరలో మా ఆవిడ కనిపించేసరికి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"వేరేవాళ్లకు ఇచ్చేశావా?" అని అడిగాడు.

"లేదు," అన్నాడు పెద్దాయన. "ఇవ్వట్లేదు."

"సోమవారం నువ్వే కదా..."

"సోమవారం నా చేతికి తప్పు లెక్క వచ్చింది." ఒక బస్తా భుజానికెత్తుకుని కార్ల వైపు నడిచాడు. "దారిలో ఉన్నావు. కాస్త జరుగు."

ఆ సాయంత్రం క్యాస్టర్ మళ్లీ పెట్టాం. ఈసారి తొట్టిలోకి ముందు తల పెట్టి చూసి, టార్పాలిన్ పూర్తిగా తీసేసి, అప్పుడు మూటలు పెట్టాం. ఏడు. వచ్చే సోమవారం ఆ పికప్‌ను హెడ్‌మిస్ట్రెస్ ఇంటికి నేనే తీసుకెళ్లాలని, గుమ్మంలో నిలబడి జరిగింది మొత్తం చెప్పాలని ఆయన శిక్ష వేశాడు. చెప్పాను. ఆవిడ చివరి దాకా విని, కోటు తొడుక్కుని, "పక్కసీట్లో కూర్చోండి," అంది. ఏ వంతెన అతుకు మీద బండి ఊగిందో దానిమీదుగా మూడుసార్లు, ప్రతిసారీ ఇంకొంచెం వేగంగా, నన్ను కూర్చోబెట్టుకుని పోయింది. బండి కిక్కురుమనలేదు. నేను మాత్రం నాకు తెలిసిన దేవుళ్లందరినీ, తెలియనివాళ్లను కొందరినీ పలకరించాను. మూడోసారి అయ్యాక ఆమె స్టీరింగు మీద తన చేతులు చూసుకుంది. వణకడం లేదు. "ఇక మీరు దిగొచ్చు," అంది. మా ఇంటికి నాలుగు మైళ్ల అవతల దింపేసింది. ఎనిమిది మైళ్లని రాద్దామనుకున్నాను. మా ఆవిడ చదివి కొట్టేసింది.

పెద్దాయన నాతో మళ్లీ మామూలుగా మాట్లాడటానికి నెల పట్టింది. మామూలంటే రోజుకు పది మాటలు. ఆ నెలలో ఒక్కటి కూడా నా వంతుకు రాలేదు. అన్నీ కెటిల్‌కే. ఒకరోజు ఏమీ జరగనట్టే, "పన్నెండు నంబరు స్పానరు ఇటివ్వు," అన్నాడు. నా జీవితంలో ఎవరైనా ఏదైనా అడిగితే అంత సంతోషంగా ఇవ్వడం అదే మొదలు.

ఆ తర్వాత ఆయన ఇంకో ఏడేళ్లు పనిచేశాడు. ఎన్ని బండ్ల ముందు గొంతుక్కూర్చున్నాడో నేను చెబితే మీరు నమ్మరు కనుక చెప్పను. ఒక మంగళవారం, మధ్యాహ్నం టీ అయ్యాక, చేతులు తుడుచుకుంటూ, "ఈ శనివారంతో ఆపేస్తున్నాను," అన్నాడు.

"ఎందుకండీ? ఏమైంది? మళ్లీ ఏదైనా బండి ఊగి వచ్చిందా?"

"ఏ బండీ రాలేదు."

"మరి కళ్లు..."

"కళ్లు బాగున్నాయి. చేసింది చాలనిపించింది. అంతే."

అంతే. శనివారం షట్టరు నేను దించాను. ఆయన తాళం వేసి, తాళంచెవి జేబులో పెట్టుకుని, వెనక్కి తిరిగి చూడకుండా తన కారు వైపు నడిచాడు. నడక అటూ ఇటూ పోలేదు.